కాలువలు కట్టిన నెలలో



గోదావరి డెల్టాలో వ్యవసాయపు సంసారములకు వేసవి సెలవులనగా బడులు మూసిన దినములు కావు, కాలువలు కట్టిన దినములు. దాళ్వా పంట కోతలు నూర్పిళ్ళు ముగిసి, ధాన్యము మిల్లులకు చేరి, ధవళేశ్వరమున కాలువల తలుపులు దించివేసి, పూడిక తీయుటకును తూములు బాగుచేయుటకును నీరు నిలిపిన పిమ్మట, జూన్ మాసమున మరల నీరు విడుచునంతవరకు, ఈ సీమలో కాపునకును, కాలువ గట్టు మీద బ్రతుకు ఉద్యోగికిని కొంత తెరపి దొరకును. మావారు ఆ కాలువల మీదనే ఉద్యోగము చేసి విశ్రాంతి పొందినవారు. నేనో, రాజోలు సీమలో కాలువ చిట్టచివర, సముద్రపు హోరు వినవచ్చు శివారు పొలములవారి ఆడపడుచును. ఆయన ఎగువవారు, నేను దిగువదానను. ఎగువ నీరు విడిచిరన్న వార్త తెలిసినది మొదలు అది మా నాన్నగారి చేనికి ఎక్కువరకు గడచిన దినములను నేను లెక్కపెట్టుచుండుటయు, ఆ ఆలస్యమునకు గల కారణములను ఆయన వివరించుచుండుటయు మా కాపురమునందు ఏటేట జరుగు వాదమే.

పిల్లలు పట్టుపట్టి గత వేసవిలో మమ్ములను ఐరోపా ఖండపు దక్షిణ నగరములకు పంపినప్పుడు, చుట్టములందరును అచటి గోపురములను, చిత్రశాలలను, పాలరాతి విగ్రహములను చూచి రమ్మనిరి. అవన్నియు చూచితిమి. అయితే కాలువల మీద జీవితము గడిపిన దంపతులు ఇటలీలో అడుగిడి స్పెయిను వరకు పోయినచో, వారి కన్ను గోపురముల మీద ఎంతసేపు నిలుచును? ఆ నగరములు నీటినెట్లు తెచ్చుకొన్నవి, నీటినెట్లు ఆపుకొన్నవి, నీటిని తమలో తామెట్లు పంచుకొన్నవి యను విషయమే మమ్ము ఊరూర వెంటాడినది. ఇప్పుడు మీకు మనవి చేయబోవునదియు ఆ నీళ్ళ కథయే.

రోము నగరమున యాత్రికులెల్లరు మొదట పోవునది కొలోసియమునకు. మేమును పోయితిమి. దానిని వర్ణించిన గ్రంథములనేకములుండగా నేను చేర్చవలసినదేమియు లేదు. మావారి మనస్సు మాత్రము నగరపు ఆగ్నేయ భాగమున నున్న అక్విడెక్టుల ఉద్యానము మీదనే యుండెను. క్రీ.శ. 38లో కాలిగులా చక్రవర్తి మొదలిడగా 52లో క్లాడియసు చక్రవర్తి పూర్తి చేసిన ఆక్వా క్లాడియా అను జలసేతువు అచటి పచ్చికబయలున కమాను వెంట కమానుగా, కొంత కూలియు, చాలవరకు నిలిచియు, దృష్టి యానినంత దూరము సాగిపోవుచున్నది. దూరపు కొండల ఊటనీటిని, పంపు లేక, యంత్రము లేక, నేలవాలును మాత్రమే నమ్ముకొని నగరమునకు చేర్చిన కట్టడమది. మావారు ఒక కమాను పాదము చుట్టు తిరిగి, రాతి అతుకులను వ్రేళ్ళతో తడవి చూచి, "మన గన్నవరం అక్విడెక్టు నలభైతొమ్మిది ఖానాలు. దీని పక్కన నిలబెట్టినా అది తలదించుకోనక్కరలేదు" అనిరి.

ఆ మాట నా గుండెను తాకినది. ఏలయన, వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని నగరం లంకకు దాటించుటకై, 1850ల తొలినాళ్ళలో, ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియగుచున్న కాలముననే, కాటన్ దొరగారి బలగమును, వీణెం వీరన్నగారి వంటి దేశీయోద్యోగుల నేర్పును, పేరు తెలియని వేలాది కూలీల చేతులును కలిసి నిలిపిన ఆ 49 ఖానాల మీదుగా ప్రవహించి వచ్చిన నీటితోనే నా పుట్టినింట అన్నము ఉడికినది. 2000లో డొక్కా సీతమ్మగారి పేరిట కొత్త అక్విడెక్టు వచ్చినది. అన్నదానమునకు పేరుపడిన ఆ తల్లి పేరు అన్నము పండించు నీటికి పెట్టుట ఎంతయు ఉచితమైన పని. కాని రోమువారు తమ పాత కమానుల చుట్టు తోట పెంచి, పిల్లలను వాని నీడను ఆడుకొననిచ్చుచున్నారు. మన పాత ఖానాలను చూపించుటకు మనమెవరిని, ఎన్నడు, పిలుచుకొని పోవుచున్నాము?

రోములో నాకు మిక్కిలి నచ్చినది వీధి కుళాయి. నడుమెత్తు పోతఇనుప స్తంభము. దానికి వంకర ముక్కువంటి గొట్టము. అందుండి రేయింబవళ్ళు చల్లని త్రాగునీరు ధారగా కారుచుండును. ముక్కు కొనను వ్రేలితో మూసినచో, గొట్టము పైనున్న చిన్న రంధ్రము నుండి నీరు సన్నని తీగవలె పైకి చిమ్మును. వంగకయే నోటికి అందుకొనవచ్చును. ఒక పండు ముసలమ్మ నాకు ఆ కిటుకు చూపి, నేను త్రాగువరకు నిలిచి, తలయూపి, తన దారిని పోయెను. ఇట్టి కుళాయిలు ఆ నగరమున సుమారు 2,500 ఉన్నవట. త్రేవీ అను ప్రసిద్ధ జలయంత్రమునకు చేరు నీరు సయితము క్రీ.పూ. 19లో అగ్రిప్ప అనునాతడు తెచ్చిన మార్గము పేరిటనే నేటికిని వచ్చుచున్నది. బాటసారికి నీరిచ్చుట పుణ్యమని చలివేంద్రములు పెట్టుకొను మనకు, ఆ ధర్మము ఒక నగరపాలనమునకు నిత్యవిధియై యుండుట చూచి ముచ్చట కలుగును.

ఫ్లారెన్సును గూర్చి ఒక్క మాటతో సరిపుచ్చెదను. అచటి చిత్రముల కంటె ఎక్కువగా మమ్ము నిలిపినది గోడల మీద, తల కంటె చాల ఎత్తున, చెక్కి పెట్టిన ఒక గీత. 1966 నవంబరు 4వ తేదీన ఆర్నో నది అంత ఎత్తు వచ్చినదని దాని అర్థము. 1986 ఆగస్టు గోదావరి వరదలు చూచినవారెవరును ఆ గీత యెదుట నుండి ఊరక కదలిపోలేరు.

వెనిస్ నగరమున మాత్రము మేము అనుకొన్నదానికంటె చాల దినములు ఉండిపోయితిమి. ఆ నగరము నీటిలో తేలుచున్నదని అందరును అందురు. అది తేలుటలేదు, బురదలో దిగగొట్టిన లెక్కలేని కొయ్య గుంజల మీద నిలిచియున్నది. అంతకంటె వింతయైన విషయము, ఆ నగరము ఇంకను నీటి నడుమ ఉండగలుగుటయే. డెల్టాలో పుట్టినవారికి తెలియును గదా: నదులు తెచ్చు ఒండ్రు ఊరకుండదు, నేడు పడవ నడచిన చోట రేపు లంక లేచును, ఎల్లుండి కొబ్బరితోట పెరుగును. మనకు వరమైన ఆ ఒండ్రు వెనిస్ వారికి మృత్యువు. తమ చుట్టునున్న ఉప్పునీటి కయ్య పూడిపోయినచో తమ రేవును, వర్తకమును, శత్రువుల నుండి రక్షణయు ఒక్కమారే పోవునని గ్రహించి, 1501లోనే నీటి వ్యవహారములకు ప్రత్యేకముగా అధికారులను నియమించుకొని, బ్రెంటా, సీలే, పియావే నదుల ముఖములను తరతరముల శ్రమతో కయ్య వెలుపలికి మరల్చిరి. 1604 నాటికి పో మహానదినే దక్షిణమునకు త్రిప్పిరి. నేడు పటములలో కనబడు పో నది డెల్టాలో పెద్ద భాగము ఆ త్రిప్పుట వలన ఏర్పడిన నేలయే. తమ ఊరు నిలుపుకొనుటకై మరియొకచోట ఒక డెల్టాను పుట్టించిన ప్రజలు లోకమున అరుదు.

చుట్టును నీరున్నను త్రాగ నీరు లేని ఊరది. సముద్రతీర గ్రామములలో చలమ త్రవ్వి, పైనున్న తీపినీటిని ఉప్పు తగులకుండ మెల్లగా తోడుకొను మావంటివారికి ఆ కష్టము తెలిసినదే. వెనిస్ వారేమి చేసిరనగా, ప్రతి చౌకు నడుమను పెద్ద గొయ్యి త్రవ్వి, ఉప్పునీరు చొరబడకుండ బంకమన్ను పూతపెట్టి, దానిని ఇసుకతో నింపి, ఇసుక నడుమ ఇటుకల బావి లేపిరి. చౌకులో పడిన వాన, రాతి జాలీల గుండ లోనికి దిగి, ఇసుకలో వడగట్టుకొని, బావిలో ఊరును. 1884లో గొట్టపు నీరు వచ్చువరకు ఆ నగరము ముఖ్యముగా వాననీటినే నమ్ముకొని బ్రతికినది. చెక్కడపు పనితనము గల ఆ బావి ఒరలు నేడు మూతలు బిగించుకొని చౌకులలో ఉన్నవి. ఒక మధ్యాహ్నము నేను అట్టి యొక ఒర అంచును చేతితో తడవగా, త్రాడు ఒరసి ఒరసి రాతిలో పడిన గాడులు నా నాలుగు వ్రేళ్ళకును అందినవి. ఎందరు స్త్రీలు, ఎన్ని శతాబ్దములు, ఆ త్రాళ్ళు లాగిరో!

అచటి ధనికుల పడవ విహారమునకు మేము పోలేదు. పెద్ద కాలువను ఈ దరినుండి ఆ దరికి దాటించు రేవు పడవలు వేరుగ నున్నవి. ఇద్దరు తెడ్లవారు, స్వల్పమైన రుసుము, ఊరివారందరు నిలుచుండియే దాటుదురు. కోటిపల్లి రేవులో పంటు మీద సైకిళ్ళ నడుమ నిలుచుండి దాటిన అలవాటు నాకు ఉపకరించినది. ఈ నగరమువాడైన మార్కో పోలో పదమూడవ శతాబ్దపు చివర మన తీరమున మోటుపల్లి రేవును గూర్చియు, ఆ రాజ్యమునేలిన రాణి న్యాయవర్తనమును గూర్చియు, సాలెగూటిని పోలిన పలుచని వస్త్రములను గూర్చియు తన గ్రంథమున చెప్పియున్నాడు. ఆ రాణి మన రుద్రమదేవియేయని చరిత్రకారుల నిర్ణయము.

ఫ్లారెన్సును ముంచిన దినముననే, 1966 నవంబరు 4న, సముద్రపు పోటు వెనిస్ మీదికి 194 సెంటీమీటర్ల ఎత్తున వచ్చినది. ఇప్పుడు కయ్యకు సముద్రమునకు నడుమ గల మూడు మొగల వద్దను నీటి అడుగున 78 ఇనుప తలుపులు పరుండబెట్టి, పోటు వచ్చునని తెలియగనే వానిలో గాలి నింపి లేపుచున్నారు. 2020 అక్టోబరు 3న మొదటిసారి లేపి పోటును ఆపిరి. 1996 నవంబరు తుపానులో కోనసీమ పడిన బాధను చూచిన నేను ఆ తలుపుల చిత్రములను చాలసేపు చూచితిని. వాని వ్యయము అపారము, వానిపై విమర్శలును కలవు. అయినను ఒక ఊరిని సముద్రమునకు విడిచిపెట్టరాదను పట్టుదలకు చేతులెత్తి నమస్కరింపవలెను.

వెనిస్ నుండి మిలానునకు, అచటినుండి వెర్చెల్లి అను పట్టణమునకు రైలులో పోవుచుండగా, కిటికీ వెలుపల చూచి మావారు లేచి నిలుచుండిరి. మడి తరువాత మడి, గట్టు తరువాత గట్టు, నిండుగ నీరు పెట్టిన వరిచేలు! ఆ నీళ్ళలో మంచుకొండల నీడలు లేకున్నచో తణుకు దాటి పోవుచున్నామనియే అనుకొందుము. 1863లో మొదలై 1866లో పూర్తియైన కావూరు కాలువ పో నది నీటిని ఈ వరి సీమకు తెచ్చుచున్నది. పూర్వము నడుము వంచి ఈ చేలలో కలుపు తీసినవారు వేలాది స్త్రీలు. 1906లో పనిగంటలు ఎనిమిదికి మించరాదని పోరాడినవారును ఆ స్త్రీలే. మన ఊడ్పుల కూలి స్త్రీలకు ఆ కథ ఎవరైన చెప్పవలెను.

ఇచట ఒక పాత సంగతి జ్ఞాపకము చేయవలసియున్నది. ధవళేశ్వరపు ఆనకట్ట కట్టుచున్న రోజులలో, బెయిర్డ్ స్మిత్ అను సైనిక ఇంజనీరును కంపెనీవారు ఉత్తర ఇటలీకి పంపి, పీడ్‌మాంటు, లొంబార్డీ సీమల కాలువలను, నీటి పంపకపు చట్టములను పరిశీలింపజేసిరి. ఆయన ఆ విషయమై రెండు సంపుటముల గ్రంథము వ్రాసెను. పిదప దక్షిణమునకు వచ్చి కావేరి, కృష్ణ, గోదావరి కట్టడములను చూచి 1856లో వేరొక నివేదికను ప్రకటించెను. ఆ ఇటలీ వరిచేలను, మన గోదావరి చేలను, రెంటిని కన్నులార చూచి వ్రాసినవాడాయన. మేము ఆయన నడచిన దారిని తిరుగుదిశలో నడచుచున్నామని మావారు మురిసిపోయిరి. మిలాను నగరపు పాత కాలువల మీద, రెండు తలుపులు నీటి ఒత్తిడికి ఎదురుగా కోణముగా కలిసి బిగిసికొను లాకులను లియోనార్డో దవించి చిత్రించి యుంచినాడు. మన డెల్టా లాకుల వద్ద పడవల రాకపోకలు చూచిన పెద్దలు ఆ తలుపులను చూచినచో వెంటనే గుర్తుపట్టుదురు.

ఇక వలెన్సియా. మా ప్రయాణమంతటికిని ఫలమిచ్చిన ఊరది.

స్పెయిను తూర్పు తీరమున, తూరియా నది ఒడ్డున నున్న ఈ నగరము చుట్టు, అరబ్బుల నాటినుండి వచ్చుచున్న ఎనిమిది పెద్ద కాలువలున్నవి. ఆ కాలువల రైతులు తమలోనుండి కాలువకొక పెద్దను ఎన్నుకొందురు. ఆ ఎనమండుగురును ప్రతి గురువారము మధ్యాహ్నము పన్నెండు గంటలకు, ప్రధాన దేవాలయపు అపొస్తలుల ద్వారము ముంగిట, బహిరంగముగా కూర్చుండి, నీటి తగవులు తీర్చెదరు. ఈ ధర్మసభకు వేయి సంవత్సరముల వయస్సని అచటివారి నమ్మకము. 1960లో సహస్రాబ్ది ఉత్సవము కూడ చేసికొనిరి. 2009లో యునెస్కో సంస్థ దీనిని మానవజాతి వారసత్వముగా గుర్తించినది.

మేము ముందుగనే పోయి ముందువరుసలో నిలిచితిమి. ఒక ఇనుప కటకటాల ఆవరణములో తోలు ఆనికలు గల పాత కొయ్య కుర్చీలు గుండ్రముగా పరచియున్నవి. గోపురపు గంట పన్నెండు కొట్టగనే, నల్లని పొడుగు చొక్కాలు తొడిగిన పెద్దలు వచ్చి కూర్చుండిరి. వారి చేతులు చూచితిని. మట్టిలో పనిచేసిన చేతులు. ఇత్తడి కొక్కెము గల కర్ర పట్టిన బంట్రోతు లేచి, ఒక్కొక్క కాలువ పేరే యెత్తి, ఆ కాలువ మీద నేరము మోపబడినవారు రావలసినదని ఎనిమిది మారులు పిలిచెను. ఆ దినమున ఎవరును రాలేదు. కొలది నిమిషములలో పెద్దలు లేచి వెళ్ళిపోయిరి. కొందరు యాత్రికులు ఇంతేనా యనిరి. నాకు మాత్రము రోమాంచమైనది. తగవు లేకున్నను వారమువారము వచ్చి కూర్చుండుట వలననే తగవులు తగ్గుచున్నవని నాకు తోచినది.

వారి పద్ధతులు వినదగినవి. న్యాయవాదులుండరు; కాగితములుండవు; వాది, ప్రతివాది, సాక్షి అందరును నోటితోనే, వారి ఇంటి భాషలోనే చెప్పుకొందురు. తీర్పు అచటికచట చెప్పుదురు. దానిపై అప్పీలు లేదు. నీరు భూమినంటి యుండును గాని, భూమి నుండి విడదీసి అమ్ముకొనుటకు వీలులేదు. నది తగ్గినచో అందరికిని తగ్గును. అన్నిటి కంటె నన్ను ఆశ్చర్యపరచిన నియమమిది: నదికి కుడిగట్టున నున్న కాలువ మీద తగవు వచ్చినచో, తీర్పును ప్రతిపాదించువారు ఎడమగట్టు పెద్దలు, ఎడమగట్టు తగవునకు కుడిగట్టువారు. తన కాలువ తగవులో తాను నోరు మెదపరాదు.

జనము చెదరిన తరువాత, ఆ చౌకులోని జలయంత్రపు అంచున కూర్చుంటిమి. అందు తూరియా నది పురుషరూపమున ఒరగియుండగా, ఎనిమిది కాలువలును ఎనిమిదిమంది కన్యలుగా చుట్టు నిలిచి కడవలతో నీరు పోయుచుందురు. అప్పుడు నేనడిగితిని. "ఏమండీ, ఎగువన తూము ఎక్కువ ఎత్తేస్తే, దిగువ రైతు ఎవరి ముందు నిలబడాలి?" ఆయన కొంత తడవు పలుకలేదు. పిదప, "ఇన్నేళ్ళూ మావంటివాళ్ళ ముందే నిలబడ్డారు. మేం కాగితం రాసుకుని పైకి పంపేవాళ్ళం. ఆ కాగితం తిరిగొచ్చేలోపల చేను ఎండిపోయేది" అనిరి. ఎంతో కాలము సాగిన మా వాదము ఆ మాటతో తీరినది.

నీరు తెచ్చు మేలును, చేటును రెంటిని ఎరిగిన నగరమది. 1957 అక్టోబరు 14న తూరియా ఊరిని ముంచివేయగా, నదినే దక్షిణమునకు మళ్ళించి, పాత నదీగర్భమును మైళ్ళ పొడవున తోటగా మార్చిరి. ఆ తోటలో మేము సాయంకాలములు నడచితిమి. కాని 2024 అక్టోబరు 29న కురిసిన కుంభవృష్టిలో నగరము తప్పించుకొన్నను, కొత్త నదికి ఆవలనున్న ఊళ్ళు మునిగి రెండు వందలకు పైగా ప్రాణములు పోయినవి. ఆ శోకము మేము చూచునాటికి ఇంకను పచ్చిగనే యుండెను. ఎగువకు చేసిన మేలు దిగువకు కీడు కాకుండ చూచుట ఎంత కఠినమైన పనియో, శివారు బిడ్డనైన నాకు వేరుగ చెప్పనక్కరలేదు.

మన డెల్టాలో ఇట్టి సభ పెట్టుకొనుటకు కావలసిన సరంజామా లేదా? ఉన్నది. 1997 నాటి చట్టము ననుసరించి నీటి సంఘములు వచ్చినవి. దాళ్వాలో నీరు చాలనప్పుడు వంతులవారీగా ఇచ్చుట మనకు కొత్త కాదు. ఏ తూము ఎంత ఎత్తిన ఏ చేను తడియునో తాతల నుండి నేర్చిన లస్కర్లు ఇంకను ఉన్నారు. వారిలో పలువురు వృద్ధులు. లేనిదొక్కటే: వారమున కొక దినము, ఒక గంట, ఒక గట్టు, అందరి యెదుట. తూర్పు డెల్టా తగవును పశ్చిమ డెల్టా రైతులు, పశ్చిమము తగవును తూర్పువారు, మధ్య డెల్టా తగవును ఆ ఇరువురును విందురుగాక. లాకు దగ్గర రావిచెట్టు క్రింద నాలుగు కుర్చీలు వేయుటకు ఏ ఇంజనీరు అనుమతియు అక్కరలేదు. మా ఊరి సంఘమువారికి ఈ మాట చెప్పియున్నాను. ఈ ప్రసంగము వినుచున్న తక్కిన సంఘములవారికిని ఇపుడు చెప్పుచున్నాను. లస్కర్ల నోట నున్న విద్యను పిల్లలచేత వ్రాయించుట కూడ ఈ వేసవిలోనే మొదలిడవచ్చును.

స్పెయిను దేశమునకు పోదలచిన దంపతులకు ఒకటి రెండు సూచనలు. వలెన్సియాలో గురువారము గడచునట్లు ప్రయాణము కుదుర్చుకొనవలెను. పండుగ పడినచో ముందుగ విచారించుకొనవలెను. సభకు టిక్కెట్టు లేదు. పదకొండున్నరకే పోయి కటకటాల దగ్గర చోటు చూచుకొనవలెను. పిమ్మట బస్సులో దక్షిణమునకు, అల్బుఫేరా అను మంచినీటి కయ్య ఒడ్డున నున్న ఎల్ పాల్మార్ గ్రామమునకు పోవలెను. ఆ కయ్య చుట్టునున్న చేల వరితోనే వారి ప్రసిద్ధమైన పాయెయ్యా వండుదురు. మాంసము ముట్టనివారు ముందుగ చెప్పినచో, కూరగాయలతో చేసి పెట్టు వంటిండ్లును కలవు. మన స్వర్ణ బియ్యము వలె పొడిపొడిగా రాలు అన్నము కాదది. పొట్టి గింజ, వెడల్పు మూకుడులో పలుచగ పరచి, కలియబెట్టకుండ ఉడికించి, అడుగున కొంచెము మాడనిచ్చెదరు. ఆ మాడు చెక్కనే గరిటెతో గీకి, పెద్దలకు మొదట వడ్డించిరి.